తేలిక విల్లు, దగ్గరి గురి: గోదావరి డెల్టాలో రికర్వ్ విలువిద్య ఎలా మొదలుపెట్టాలి

కొత్తగా విల్లు పట్టాలనుకునే వారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: బాణం ఎంత దూరం పోతుంది? తేలికపాటి వింటితో వదిలినా, పైకెత్తి కొడితే బాణం నూరు మీటర్లు దాటి పోతుంది. అందుకే ముందుగా ఆలోచించవలసింది బాణం ఎక్కడ ఆగుతుందన్న సంగతి, ఆ తరువాత మీ భుజం ఎంత బరువును రోజూ మోయగలదన్న సంగతి. ఈ రెండింటినీ ఆధారం చేసుకుని, గురువు దగ్గరలో లేనివారు గోదావరి డెల్టాలోని ఒక కొబ్బరితోటలోనో, పెద్ద దొడ్డిలోనో సంప్రదాయ రికర్వ్ విలువిద్యను క్షేమంగా ఎలా ప్రారంభించవచ్చో వరుసగా చెబుతాను.

రికర్వ్ అంటే రెండు కొనలూ గురి వైపుకు తిరిగి వంగి ఉండే విల్లు. నారి ఎక్కించినప్పుడు అది ఆ వంపుల మీద ఆనుకుని ఉంటుంది, లాగుతున్నకొద్దీ వంపులు విచ్చుకుంటాయి. అందువల్ల అంతే పొడవున్న తిన్నని వింటికంటే ఇందులో ఎక్కువ శక్తి నిలవ ఉంటుంది, చివరి అంగుళాల్లో లాగడం కూడా బిగుసుకుపోకుండా సాగుతుంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణ పతకాలు గెలిచినది కాంపౌండ్ వింటితో, దానికి కొనల దగ్గర కప్పీలు ఉంటాయి. అదే నగరానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పట్టినది రికర్వే గాని, దానికి సైటు (గురి చూసుకునే పరికరం), స్టెబిలైజర్ కడ్డీలు (విల్లు ఊగకుండా నిలిపేవి), క్లిక్కరు (పూర్తిగా లాగగానే టిక్కుమనే రేకు) అమర్చి ఉంటాయి. నేను చెప్పబోయే సంప్రదాయ పద్ధతిలో అవేవీ ఉండవు. విల్లు, నారి, బాణం, లాగే మూడు వేళ్ళు మాత్రమే ఉంటాయి. గోదావరికి ఎగువన ఏజెన్సీ కొండల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా పడుతున్న వెదురు విల్లు తిన్ననిది, దాని పద్ధతి వేరు; దానిని వారి దగ్గరే నేర్చుకోవడం న్యాయం.

చోటు చూసుకోవడం

మన డెల్టాలో ఖాళీగా కనిపించే చోటు చాలాసార్లు ఖాళీ కాదు. కాలవగట్టు ఎత్తుగా ఉంటుంది కనుక బాణం అందులో దిగబడి ఆగుతుందని అనిపిస్తుంది, కాని ఆ గట్టే ఊరివారికి దారి. గట్టు అంచు దాటిన బాణం అవతలి రేవులో బట్టలు ఉతుకుతున్న వారి వైపు పోయినా మీకు కనిపించదు. సార్వా కోతలు అయిన చేలో నిలబడితే కనుచూపు మేర ఎవరూ లేనట్టే ఉంటుంది, అయితే మినుము చేలో వంగి పని చేస్తున్న మనిషి, బోదెలో దిగిన గేదెను తోలుకొస్తున్న కుర్రవాడు లేచి నిలబడేదాకా కంటపడరు. గురి వెనుక ఏముందో పూర్తిగా తెలియని చోట విల్లు ఎత్తకూడదు. ఎంత నేర్పు వచ్చినా ఈ నియమం మారదు.

కోనసీమలో ఉన్నవారికి కొబ్బరితోట మంచి చోటు. నీడ ఉంటుంది, గాలి జోరు తగ్గుతుంది, పైగా కొలత కూడా తోటలోనే దొరుకుతుంది: పద్ధతిగా వేసిన తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య దాదాపు 25 అడుగులు, అంటే ఏడున్నర మీటర్ల ఎడం ఉంటుంది కనుక, ఒక ఎడంలో కొంత తగ్గించి మొదటి దూరమైన అయిదు మీటర్లను, రెండు ఎడాలతో తరువాత అవసరమయ్యే పదిహేను మీటర్లను టేపు లేకుండానే కొలుచుకోవచ్చు. గెలల కింద నిలబడకండి, దింపు జరిగే రోజున తోటలోకి విల్లు తీసుకువెళ్ళకండి. చెట్టు మానును ఎన్నడూ గురిగా పెట్టుకోకండి. కొబ్బరిమానుకు అయిన గాయం మామిడి, వేప వంటి చెట్ల గాయంలా పూడుకోదు. ఆ గాయంలో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టిందంటే కాపు మీదున్న చెట్టును లోపలినుంచి తొలిచి చంపుతుంది. అదీకాక, గట్టి మానుకు ఏటవాలుగా తగిలిన బాణం ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు. కోకో గాని అరటి గాని అంతరపంటగా ఉంటే, ఆకుల సందుల్లోంచి కొట్టే ప్రయత్నం మాని మరొక వరుస చూసుకోండి.

మీరు నిలబడే చోట నేల మీద ముగ్గుతో ఒక గీత గీయండి. విల్లు చేతిలో ఉన్నవారు తప్ప మిగతా అందరూ ఆ గీతకు వెనుకే ఉండాలి. ఇద్దరు కలిసి సాధన చేస్తుంటే ఇద్దరి బాణాలూ అయిపోయి, విల్లులు కింద పెట్టిన తరువాతే ముందుకు నడవాలి. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఈ గీత విషయంలో మొహమాటం పనికిరాదు. ఎవరైనా చుట్టం చూపుగా వచ్చి ముందుకు నడిచినా, ఎక్కుపెట్టిన బాణాన్ని మెల్లగా వెనక్కి దించి, విల్లు కింద పెట్టి, ఆ తరువాతే పలకరించండి.

సాధనకు ఉదయం అనువైనది. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేస్తుంది, తేలిక బాణాన్ని అది పక్కకు తోస్తుంది. మొదటి నెలల్లో తప్పు మీదో గాలిదో తెలియకపోవడం నేర్చుకోవడానికి అడ్డు.

గడ్డితో గురి దిమ్మె

గురి దిమ్మెకు వరిగడ్డిని మించినది మనకు లేదు. కోత మిషను కోసిన గడ్డి నలిగి ముక్కలవుతుంది, చేత్తో కోసి నూర్చిన పనల గడ్డి పొడవుగా ఉండి బాగా నొక్కుకుంటుంది. దొరికితే రెండోదే తీసుకోండి. నాలుగు సరుగుడు కర్రలను రెండు జతలుగా, నాలుగు అడుగుల ఎడంతో, జతలోని కర్రల మధ్య అడుగున్నర వదిలి నేలలో గట్టిగా పాతండి. అడుగున రెండు వరుసల ఇటుకలు పేర్చి, పైన చెక్క వేసి, దాని మీద గడ్డిని అడ్డంగా, మీకు గడ్డి పక్క భాగం కనిపించేట్టుగా, పొరలు పొరలుగా పరవండి. ప్రతి అడుగు ఎత్తుకూ ఎక్కి తొక్కాలి. నాలుగు అడుగుల ఎత్తు వచ్చాక పైన మరొక చెక్క పెట్టి, పై చెక్కనూ కింది చెక్కనూ కలిపి కొబ్బరితాడుతో మనిషి బలం కొద్దీ బిగించండి. దిమ్మె ఎంత బిగుతుగా ఉంటే బాణం అంత తిన్నగా ఆగుతుంది. రెండు వారాలకు ఒకసారి గడ్డి అణిగి వదులవుతుంది, అప్పుడు పైన మరికొంత వేసి మళ్ళీ బిగించాలి. పూర్వం ధాన్యం పురులకు పేనిన గడ్డివెంటి వంటిది పేనడం తెలిసిన పెద్దలు ఇంట్లో ఉంటే, మణికట్టు లావున వెంటి పేనించి, చుట్టగా చుట్టి, నారతో కుట్టి గుండ్రని దిమ్మె చేయించుకోవచ్చు. శ్రమ ఎక్కువే గాని చాలాకాలం నిలుస్తుంది.

పశువుల మేతకు వేసిన గడ్డిమేటు మీద మాత్రం ఎప్పుడూ కొట్టకండి. విరిగిన ములికి గాని, ఇనుప ముక్క గాని గడ్డితో పాటు గేదె కడుపులోకి వెళితే, అది రెండో పొట్ట గోడను గుచ్చుకుని అక్కడినుంచి గుండె పొర దాకా చేరగలదు. దిమ్మెకు వాడిన గడ్డిని కూడా తరువాత మేతగా వేయకుండా తగలబెట్టి, బూడిదలో మిగిలిన ఇనుప ముక్కలను ఏరివేయండి.

దిమ్మె వెనుక రెండు మూడు అడుగుల దూరంలో పాత జంపఖానానో, రెండు మడతల గోనెపట్టానో, దిమ్మెకంటే వెడల్పుగా, కింద కట్టకుండా వదులుగా వేలాడదీయండి. బిగించి కట్టిన గుడ్డను బాణం చీల్చుకుపోతుంది, వదులుగా వేలాడే గుడ్డ వెనక్కి ఊగి దాని వేగాన్ని మింగుతుంది. ఇది రెండో రక్షణ మాత్రమే. దాని వెనుక కూడా మనుషులు తిరగని ఖాళీ ఉండాలి. తప్పిన బాణం కోసం గడ్డి వెనుకకు చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి. గడ్డిలో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి, కట్లపాము పగలు అలాంటి చోటనే ముడుచుకుని ఉంటుంది.

విల్లు ఎంత బరువుది ఉండాలి

ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఎక్కువమంది విలువిద్యను వదిలేసేది ఇక్కడ చేసిన పొరపాటు వల్లనే.

వింటి బరువు అంటే చేతిలో పట్టుకుంటే తూగే బరువు కాదు. నారిని 28 అంగుళాల వరకు లాగి పట్టుకోవడానికి వేళ్ళ మీద పడే బరువు అది, దానిని పౌండ్లలో చెబుతారు, లింబు (పిడికి పైనా కిందా ఉండే, వంగే భాగం) మీద ముద్రించి ఉంటుంది. 24 పౌండ్లు అంటే దాదాపు 11 కిలోలు. చదివితే తక్కువగా అనిపిస్తుంది, కాని ఆ 11 కిలోలను వెన్ను కండరాలతో లాగి, కదలకుండా నిలిపి, రోజుకు యాభైసార్లు అదే పని చేయాలి. పది, పన్నెండేళ్ళ పిల్లలకు 12 నుంచి 16 పౌండ్లు, పెద్దవారికి 20 నుంచి 26 పౌండ్లు సరిపోతుంది. రోజూ పొలంలో బరువులు ఎత్తేవారు కూడా 30 దాటి మొదలుపెట్టవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే బస్తా ఎత్తే కండరాలూ విల్లు లాగే కండరాలూ ఒకటి కావు. నేను 40 పౌండ్లతో మొదలుపెట్టాను. అమ్మినవారు నా ఎత్తూ ఒడ్డూ చూసి అదే తగినదని చెప్పారు. మూడో వారానికి కుడి చెయ్యి భుజం పైకి లేవలేదు, నాలుగు నెలలు విల్లు పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ తరువాత 24 పౌండ్లతో అంతా మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను, అంతకుముందు నేర్చుకున్నదంతా నొప్పిని తప్పించుకోవడానికి శరీరం వేసిన ఎత్తులేనని అప్పుడు అర్థమైంది.

మీరు 28 అంగుళాలు లాగకపోవచ్చు. రెండు చేతులూ బారచాపి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస వరకు అంగుళాల్లో కొలిపించి, దానిని రెండున్నరతో భాగించండి. బార 68 అంగుళాలైతే మీ లాగే పొడవు దాదాపు 27 అంగుళాలు. 28కి ఒక్కో అంగుళం తగ్గితే సుమారు రెండు పౌండ్ల బరువు తగ్గుతుంది, పెరిగితే అంతే పెరుగుతుంది. వింటి పొడవు 27, 28 అంగుళాలు లాగేవారికి 62 నుంచి 66 అంగుళాల మధ్య ఉండవచ్చు, అంతకంటే పొడవైన చేతులున్నవారు 68 తీసుకోవడం మేలు. పొట్టి విల్లు చూడముచ్చటగా ఉంటుంది గాని, పూర్తిగా లాగినప్పుడు నారి మడత కోణం వేళ్ళను నొక్కేస్తుంది.

మొదటి విల్లు టేక్‌డౌన్ రకం కావాలి: రైజర్ అనే నడిమి పిడికి రెండు లింబులను బోల్టులతో బిగించేది. బలం పెరిగాక లింబులను మాత్రం మార్చుకుంటే సరిపోతుంది. కొమ్ము, నరం అతికించి చేసే పాతకాలపు ఆసియా విల్లుల మీద మోజు ఉన్నవారు ఉంటారు. వాటి జిగురుకు తేమ పడదు, మన గాలిలో వాటిని కాపాడటం కొత్తవారి వల్ల కాదు. కలప పొరలకు రెండువైపులా ఫైబర్‌గ్లాస్ అతికిన లింబులే ఇక్కడికి తగినవి.

కొనేముందు మీ కన్ను ఏదో చూసుకోండి. రెండు అరచేతులతో ముందు ఒక చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక కొబ్బరిగెలను చూడండి. తరువాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గెల సందులోనే నిలుస్తుందో అది మీ ప్రధాన నేత్రం. అది కుడి కన్నైతే కుడిచేత్తో లాగే విల్లు తీసుకోండి, దానిని ఎడమచేత్తో పట్టుకుంటారు. చెయ్యివాటం ఒకటీ కన్ను మరొకటీ అయినప్పుడు కన్నును అనుసరించడమే కొత్తవారికి సులువు.

బాణాలు, చిన్న సరంజామా

బాణం వదిలిన క్షణంలో తిన్నగా పోదు. వెనుకనుంచి నారి తోస్తుంటే అది పాములా వంగి, రైజర్‌ను చుట్టి దాటి, ఆ తరువాత సర్దుకుంటుంది. ఎంత వంగాలో అంతే వంగే బాణం మీ వింటికి సరైన బాణం. ఈ వంగే గుణాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంతో రెండు ఆనింపుల మీద ఉంచిన బాణం మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది ఎన్ని వేయోవంతుల అంగుళం వంగుతుందో ఆ సంఖ్యే స్పైన్. కనుక సంఖ్య పెద్దదైతే బాణం మెత్తనిదని అర్థం. 20 నుంచి 28 పౌండ్ల వింటికి సుమారు 800 నుంచి 1000 మధ్య స్పైన్ కావాలి. కుడిచేత్తో లాగేవారికి బాణాలు పదేపదే ఎడమకు పడుతుంటే బాణం బిరుసైనదని, కుడికి పడుతుంటే మెత్తనిదని అనుమానించవచ్చు, అయితే మొదటి నెలలో ఈ అనుమానం వద్దు, అప్పటి తప్పులన్నీ వేళ్ళవే.

బాణం పొడవు మీరు లాగే పొడవుకంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. పొట్టి బాణం లోపలికి జారి చేతిలో గుచ్చుకునే ప్రమాదం ఉంది. బాణం బరువు వింటి పౌండుకు 8 నుంచి 10 గ్రెయిన్ల (బాణాలను తూచే చిన్న కొలత) చొప్పున, అంటే 25 పౌండ్ల వింటికి 16 గ్రాముల వరకు ఉంటే విల్లు నిశ్శబ్దంగా, క్షేమంగా పనిచేస్తుంది. రైజర్ మీది అంచుపైనే బాణం ఆనించి కొట్టే ఈ పద్ధతిలో ప్లాస్టిక్ రెక్కలు పనికిరావు, పక్షి ఈకలే కావాలి, ఎందుకంటే ఈక అంచుకు తగిలినప్పుడు అణిగిపోయి దాటుతుంది. కర్ర బాణాల అందం వేరే అయినా మన తేమకు అవి వంకర పోతాయి కనుక, ఆరు కార్బన్ బాణాలతో ప్రారంభించండి. ప్రతిరోజూ వాడేముందు ఒక్కొక్క దానినీ రెండు చేతులతో కొద్దిగా వంచి, తిప్పి, చిటపట శబ్దం వస్తుందేమో వినండి. శబ్దం వచ్చిన కార్బన్ బాణాన్ని విరిచి పారవేయాలి. వింటిలో పగిలితే దాని పేళ్ళు చేతిలోకి దిగుతాయి.

వేళ్ళకు తోలు ట్యాబు, విల్లు పట్టే ముంజేతికి ఆర్మ్ గార్డ్ తప్పనిసరి. పైట, చున్నీ, మెడలో గొలుసు, వదులు చొక్కా నారికి తగులుతాయి. జడ వెనక్కి వేసుకోవాలి.

నారి ఎక్కించడం

ఎక్కుపెట్టడం అంటే గురిపెట్టడం అనే అర్థంలోనే ఇప్పుడు మనం వాడుతున్నాము గాని, ఆ మాటకు అసలు అర్థం వింటికి నారి తగిలించడమే. ఈ పని కాలితో తొక్కి చేయకండి, లింబు మెలిపడుతుంది, జారితే ముఖానికి కొడుతుంది. స్ట్రింగర్ అనే తాడు తక్కువ ధరకే వస్తుంది. దాని రెండు తొడుగులను వింటి కొనలకు తగిలించి, తాడు మధ్యభాగాన్ని పాదంతో తొక్కి, పిడిని తిన్నగా పైకి లాగితే లింబులు వంగుతాయి, అప్పుడు నారి పై ముడిని గాడిలోకి జరపాలి. తాడు మీదనుంచి కాలు తీయకముందే రెండు గాళ్ళలోనూ నారి సరిగా కూర్చుందో లేదో చూడండి.

నారికి డాక్రాన్ అనే, కొద్దిగా సాగే దారమే వాడండి. సాగని కొత్త దారాలు కొనలు బలపరచిన లింబులకు మాత్రమే తగినవి. ఎక్కించిన తరువాత పిడి లోతైన చోటినుంచి నారికి ఉన్న దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. 62 అంగుళాల వింటికి అది ఏడుంబావు నుంచి ఎనిమిది అంగుళాల మధ్య ఉంటుంది. తయారీదారు చెప్పిన సంఖ్య ఉంటే దానినే పాటించండి. తక్కువగా ఉంటే నారిని విప్పి కొన్ని మెలికలు ఎక్కువ తిప్పండి, ఎక్కువగా ఉంటే కొన్ని తీయండి. బాణం నారిమీద కూర్చునే చోటును, రైజర్ మీద బాణం ఆనే అంచు నుంచి నారికి లంబంగా వచ్చే గీతకంటే అర అంగుళం పైన దారంతో చుట్టి గుర్తు చేయండి.

బాణం లేకుండా నారిని లాగి వదలకండి. పౌరాణిక నాటకాల్లో ధనుష్టంకారం విని పెరిగిన మనకు ఆ కోరిక సహజమే, కాని బాణం తీసుకుపోవలసిన శక్తి అంతా లింబులలోకే తిరిగి వచ్చి వాటిని చీలుస్తుంది. ఇంటికి వచ్చిన బంధువుల చేతికి విల్లు ఇచ్చేముందు ఈ మాట తప్పక చెప్పండి.

లాగడం, నిలపడం, వదలడం

విల్లు ముట్టుకోకముందు ఒక వారం పాత సైకిల్ ట్యూబు ముక్కతో ఈ కదలికలన్నీ అద్దం ముందు చేయండి. నేను నేర్పిన వారిలో ఈ వారాన్ని దాటవేసినవారు తరువాత రెండు నెలలు దాని బాకీ తీర్చారు. కుడిచేత్తో లాగేవారిని దృష్టిలో పెట్టుకుని చెబుతాను, ఎడమచేతివారు మార్చుకుని చదవండి.

గీతకు అటొక పాదం, ఇటొక పాదం వేసి, భుజాల వెడల్పున, ఎడమ భుజం గురివైపు ఉండేట్టు నిలబడండి. బరువు రెండు పాదాల మీద సమంగా ఉండాలి. బాణాన్ని నారికి తగిలించినప్పుడు రంగు వేరుగా ఉన్న ఈక వింటివైపు కాకుండా బయటివైపు ఉండాలి. చూపుడు వేలు బాణానికి పైన, నడిమి వేలు, ఉంగరపు వేలు కింద పెట్టి, మొదటి కణుపు మడతలో నారిని కొక్కెంలా పట్టండి. బొటనవేలు, చిటికెన వేలు లోపలికి ముడవండి. వేళ్ళు కొక్కేలు మాత్రమే. మణికట్టు, అరచేతి వెనుక భాగం తిన్నగా, మెత్తగా ఉండాలి.

ఎడమచేత్తో విల్లును పిడికిట బిగించకండి. బొటనవేలి మొదటి కండ మీద పిడి ఒత్తుతూ, కణుపులు పక్కకు ఏటవాలుగా, మిగతా వేళ్ళు వదులుగా ఉండాలి. పిడికిలి బిగిస్తే వదిలే క్షణంలో విల్లు పక్కకు తిరుగుతుంది. ఎడమ మోచేతిని కొద్దిగా బయటికి తిప్పితే ముంజేయి నారి దారినుంచి తప్పుకుంటుంది; ఆర్మ్ గార్డ్ ఉన్నా ముంజేతిమీద కమిలిన నల్లటి మచ్చ పడుతుంటే ఈ తిప్పడం జరగలేదని అర్థం.

విల్లు ఎత్తేటప్పుడు ఎడమ భుజం చెవి వైపుకు లేవకూడదు. దానిని కిందికే ఉంచి, కుడి మోచేతిని బాణం వరుసలో వెనక్కి తీసుకువెళ్ళండి. లాగేది చెయ్యి అని అనుకున్నంతకాలం చెయ్యి అలసిపోతూనే ఉంటుంది. కుడి భుజం వెనుకనున్న రెక్క ఎముక వెన్నెముక వైపుకు జరుగుతున్నట్టు భావించండి, అప్పుడు పని వెన్నుకు వెళుతుంది. చూపుడు వేలి కొస పెదవి చివరను తాకేదాకా లాగి ఆగండి. పద్యాల్లో ఆకర్ణాంతం లాగడం వింటాము, కాని ఈ పద్ధతిలో పెదవి చివరే మన చోటు. ఆ స్పర్శ ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా లేకుండా అక్కడే ఉండాలి, ఎందుకంటే సైటు లేని వింటికి వెనుక గురి అదే. మీ వేలు అర అంగుళం ముందే ఆగితే బాణం తక్కువ శక్తితో పోయి కింద పడుతుంది.

అక్కడ రెండు మూడు క్షణాలు నిలవండి. నిలిచినంతసేపూ వెన్ను పని చేస్తూనే ఉండాలి. వదలడమంటే వేళ్ళను తెరవడం కాదు, పట్టు సడలనివ్వడం. నారి తానే వేళ్ళను తోసుకుని పోతుంది. అప్పుడు కుడిచెయ్యి చెంపను రాసుకుంటూ చెవి కిందికి జరుగుతుంది. చెయ్యి ముఖానికి దూరంగా పక్కకు ఎగిరితే నారిని మీటినట్టే, ఆ బాణం పక్కకే పడుతుంది. బాణం దిమ్మెలో దిగిన చప్పుడు వినేదాకా ఎడమచేతిని దించకండి, తల తిప్పి చూడకండి.

మనసు కుదరకపోతే వదలకుండా మెల్లగా దించివేయండి. ప్రతిరోజూ కనీసం నాలుగైదుసార్లు కావాలనే అలా దించడం సాధన చేయమని నేను చెబుతాను. ఎత్తిన ప్రతి బాణాన్నీ వదలి తీరాలన్న తొందర ఒకసారి అలవాటైతే దానిని వదిలించుకోవడం ఏళ్ళ పని.

గురి చూడటం

మొదటి రెండు వారాలు దిమ్మెకు కాగితం అంటించకండి. అయిదు మీటర్ల దూరంలో, ఉత్త గడ్డి మీదకు, మీ మోచేయి, వెన్ను, వేళ్ళు మాత్రమే గమనిస్తూ కొట్టండి. కాగితం కనబడగానే కన్ను దాని వెంట పోతుంది, శరీరం మరుపున పడుతుంది.

తరువాత పెద్ద కాగితం, మధ్యలో కుంకుమబొట్టంత చుక్క చాలు. రెండు కళ్ళూ తెరిచి ఆ చుక్కనే చూడండి. చూపు అంచుల్లో ములికి మసకగా కనిపిస్తుంది. దగ్గరి దూరాల్లో అది చుక్కకు చాలా కింద ఉంటుంది, అలాగే ఉండాలి, ఎందుకంటే బాణం వెనుక కొస కంటికంటే కింద ఉంది. ములికికీ చుక్కకూ మధ్య ఎడాన్ని లెక్కపెట్టుకుని కొట్టేవారు ఉన్నారు, లెక్క లేకుండా చూపు మీదే ఆధారపడేవారూ ఉన్నారు. నా అనుభవంలో పిల్లలకు రెండోది, పెద్దవారికి మొదటిది త్వరగా పట్టుబడుతుంది. ఎడం మరీ ఎక్కువనిపిస్తే మూడు వేళ్ళనూ బాణం కిందనే పెట్టి లాగే పద్ధతి ఉంది, అప్పుడు బాణం కంటికి దగ్గరవుతుంది. అందుకు నారి మీది గుర్తును కొంచెం పైకి జరపాలి.

మూడు బాణాలు ఎక్కడ పడ్డాయన్నదానికంటే ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది ముందు చూడండి. గుంపు ఒకచోట చేరితే దానిని చుక్క దగ్గరకు జరపడం చిన్న పని. బాణాన్ని పీకేటప్పుడు వెనుక ఎవరూ లేకుండా చూసి, ఒక అరచేతిని దిమ్మెకు ఆనించి, రెండో చేత్తో బాణాన్ని గడ్డి దగ్గరగా పట్టి, వచ్చిన దారినే తిన్నగా లాగండి.

మొదటి మూడు నెలలు

వారానికి నాలుగు రోజులు, రోజుకు ముప్ఫై బాణాలతో మొదలై యాభై దాకా వెళ్ళవచ్చు. చెయ్యి వణకడం మొదలైతే ఆ రోజు సాధన అయిపోయినట్టే. అలసిన శరీరం తప్పునే నేర్చుకుంటుంది. ఆరు బాణాలూ వరుసగా మూడు రోజులు అన్నం తినే కంచమంత చోటులో పడితే దూరం పెంచండి: అయిదు మీటర్ల నుంచి పదికి, పది నుంచి పదిహేనుకు, ఆపై అంతర్జాతీయ ఇండోర్ పోటీల దూరమైన 18 మీటర్లకు. మూడు నెలల తరువాత కూడా పూర్తిగా లాగి పది లెక్కపెట్టేదాకా వణకకుండా నిలపగలిగితే, రెండు నుంచి నాలుగు పౌండ్లు పెరిగే లింబులు తీసుకోవచ్చు, ఆ మొదటి వారం మళ్ళీ అయిదు మీటర్లకు తిరిగి రావాలి. పోటీల మీద ఆసక్తి కలిగినవారికి సైటు లేని వింటికే బేర్‌బో అనే విభాగం ఉంది, ఆరుబయట దూరం 50 మీటర్లు. మన దేశపు జాతీయ పోటీల్లో వెదురు, కర్ర విల్లులతో 30, 50 మీటర్ల దూరాలకు కొట్టే ఇండియన్ రౌండ్ కూడా ఉంది.

పక్షులమీద, జంతువులమీద విల్లు ఎత్తకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, అదీకాక చేలలో వాలే కొంగ సాధనకు పెట్టిన గురి కాదు.

ఎండలో, వానలో

రోహిణి కార్తెలో మూసి ఉన్న కారులో విల్లు వదిలితే లింబుల పొరలను పట్టి ఉంచే జిగురు మెత్తబడి, అవి మెలిపడవచ్చు, విడిపోవచ్చు. సాధన అయిన వెంటనే నారి దించి, పొడిగుడ్డతో తుడిచి, నీడన గోడకు రెండు మేకులు కొట్టి వాటి మీద అడ్డంగా పెట్టండి. మూలన నిలబెడితే కింది లింబు మీద బరువు పడుతుంది. నారికి నెలకొకసారి తేనెమైనం రాసి, వేడి పుట్టేదాకా వేళ్ళతో రుద్దండి. బాణాల పెట్టెలో రెండు కలరా ఉండలు వేస్తే ఈకలను పురుగు కొట్టదు.

ముసురు పట్టిన రోజుల్లో తడిసిన ఈకలు అణిగి అంటుకుపోతాయి. వాటిని ఆరబెట్టిన తరువాత, మరుగుతున్న నీళ్ళ ఆవిరి మీద పది పదిహేను క్షణాలు బాణాన్ని తిప్పుతూ పట్టుకుంటే మళ్ళీ విచ్చుకుంటాయి. గడ్డి దిమ్మెకు పైన, వెనుక బరకం కప్పండి. ముందువైపు గాలి ఆడనివ్వకపోతే లోపలినుంచి కుళ్ళి, బాణం అందులోంచి దూసుకుపోతుంది. వానల తరువాత దిమ్మె మీద మొదటి బాణం వదిలేముందు పిడికిలితో నాలుగుచోట్ల గుద్ది చూడండి, మెత్తబడిన చోట గడ్డి మార్చండి. విల్లును కూడా నారి ఎక్కించకముందే దూది ఉండతో లింబుల అంచుల వెంట నెమ్మదిగా తుడవండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ పగులు మొదలైందన్నమాట, ఆ లింబుకు ఇక నారి ఎక్కించకూడదు.